కుర్చీ తేలిన వీధి

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉండేది. వాన ముదిరి నీళ్ళు గడపలెక్కితే మునిసిపల్ ఆఫీసు కోసం ఎదురుచూసేవారు కాదు. వెల్డింగు షాపువాడు తాను చేసిన ఇనప కొక్కెం తెచ్చి, వీధి నడుమనున్న మురుగు కాలువ మూత లాగేసేవాడు. పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసేవాడు. కుర్చీ వీధిలో ఉంటే మూత తీసినట్టు. ఎవరి అరుగు మీదైనా ఉంటే వేసినట్టు. అక్షరం ముక్క రానివాళ్ళకీ తెలిసిన గుర్తు. గవర్నమెంటు చెయ్యకపోతే మా పని మేమే చేసుకుంటామని ఇంటికొచ్చిన చుట్టాల ముందు ఆ వీధివాళ్ళు గొప్పలు పోయేవారు. నరం లేని నాలుక, ఎంతైనా అంటుంది.

తాపీమేస్త్రీ భార్య ఆ గుర్తును నమ్మే పోయింది.

ఆనాటి వాన ఎప్పటి వానలాంటిది కాదు. వెల్డరు మూత తీశాడు, కుర్చీ వేశాడు, షాపులో మిషన్లు తడుస్తున్నాయని పరుగెత్తాడు. వీధంతా చూస్తూనే ఉందిగదా అని వాడనుకున్నాడు. వాడున్నాడుగదా అని వీధి అనుకుంది. పదిమందిలో పాము చావదు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. కుర్చీ తేలింది. తేలితేలి వచ్చి మేస్త్రీ అరుగు మీదికే ఎక్కి, ఎవరో పనిగట్టుకుని పెట్టినట్టు కుదురుగా నిలబడింది.

కూరల సంచీతో మలుపు తిరిగిన ఆమె తన అరుగు మీద కుర్చీని చూసింది. మూత వేసేశారనుకుంది. కొత్త మనిషైతే గోడ పట్టుకుని నడిచేది. ఆమె ఆ వీధి మనిషి, అందుకని నడిమధ్యగా వచ్చింది. మేస్త్రీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. చూస్తుండగానే నీళ్ళ మీద గొడుగు ఒక్కటే మిగిలింది.

మనిషి దొరకలేదు. కాలువలో దొరకలేదు, కాలువ కలిసే ఏటిలోనూ దొరకలేదు.

మూత తెరవడమే నేరం, మా పూచీ లేదంది ఆఫీసు. పూడిక తీసి ఉంటే మేం మూత జోలికి ఎందుకు పోతామంది వీధి. చచ్చినదాన్ని ఇద్దరూ చెరోవైపు నిలబడి బంతిలా తన్నుకున్నారు. చెప్పులు తెగేదాకా తిరిగి మేస్త్రీ తిరగడం మానేశాడు. వెల్డరు షాపు గోడ మీది కొక్కెం మేస్త్రీ తెచ్చి తన ఇంట్లో మేకుకు తగిలించాడు. అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కుర్చీని గోడవైపు తిప్పి మూల పెట్టాడు. వెల్డరుతో మాట మానేశాడు. వెల్డరు పోయినామెకు సొంత తమ్ముడు.

అప్పటినుంచీ వాన పడితే చాలు, చప్పుడు.

ఆమె ఎడమకాలి చెప్పు పట్టీ వదులు. నడిస్తే మడమకు టప్పుమని కొట్టేది. కుట్టించమని మొగుడికి చెప్పీ చెప్పీ విసిగిపోయింది. ఆ టప్పు ఇప్పుడు వీధి కిందినుంచి వస్తోంది. మలుపు దగ్గర మొదలై, తొందరేమీ లేకుండా, మూతదాకా వచ్చి ఆగిపోతుంది. తలుపు తీస్తారేమోనని ఆగినట్టు ఆగుతుంది. మేస్త్రీ లోపల గడియ మీద చెయ్యేసి నిలబడతాడు. ఏ తలుపు తియ్యాలో తెలియదు.

అలా మూడు వానాకాలాలు వెళ్ళాయి. నాలుగోదాని మొదట్లో ఒక మధ్యాహ్నం ఆఫీసు జీపు వచ్చింది. మూతలన్నీ అతికించెయ్యమని పైనుంచి ఉత్తర్వు. ఇంజనీరు దిగాడు. వెనక తోపుడుబండి మీద వెల్డింగు మిషను తోసుకుంటూ మేస్త్రీ బావమరిది. మా పని మేమే చేసుకుంటామని గొప్పలు పోయినవాడికే ఆఫీసు ఆ పని అప్పగించింది.

వీధి పోగయింది. మబ్బు కూడా పోగవుతోంది.

"మేస్త్రీగారూ, మీకంటే దెబ్బ తిన్నవాళ్ళెవరున్నారు? అతికెయ్యమని ఒక్క మాటనండి. వీధి నోరు మూసుకుంటుంది," అన్నాడు ఇంజనీరు.

మెడలో టేపుతోనే మిషను కుట్టే ఆవిడ ముందుకొచ్చింది. "మా నోళ్ళు తర్వాత మూద్దురుగాని, ముందు కాలువ నోట్లో మట్టి తియ్యండి బాబూ. ఇది అతికిస్తే మేం మంచాల మీద పడవ షికారు చెయ్యాలి. అన్నా, వద్దని చెప్పు. ఆ కొక్కెం కూడా ఇచ్చెయ్యి. మా తిప్పలేవో మేం పడతాం."

మేస్త్రీ అరుగు దిగలేదు. ఇంజనీరు వైపు చూశాడు.

"అతికించాక నీళ్ళొస్తే?"

"ఫోను చేస్తే మనిషొస్తాడండీ."

"ఎప్పుడు?"

ఇంజనీరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఆ పని ప్రైవేటుకి ఇస్తున్నాం. ఇంకా ఎవరూ ముందుకు రాలేదు."

"పెళ్ళికొడుకు దొరకలేదుగానీ ముహూర్తం పెట్టేశారు," అంది కుట్టే ఆవిడ. నలుగురూ నవ్వారు.

"నువ్వు నవ్వకమ్మా," అన్నాడు మేస్త్రీ. "తెరిస్తే దగ్గర ఎవరు నిలబడతారు?"

"అందరం నిలబడతాం."

"ఆ అందరం అనేవాడి ఇల్లేదో చూపించు. ఆనాడు వాడి తలుపు కొడదామంటే నాకు కనపళ్ళేదు."

మొదటి చినుకు వెల్డింగు మిషను మీద పడింది.

తర్వాత వాన అడిగి రాలేదు. ఇంజనీరు జీపులోకి దూరి అద్దాలు ఎత్తుకున్నాడు. వీధి ఎవరి తలుపుల్లోకి వాళ్ళు సర్దుకుంది. బావమరిది ఒక్కడే మిషను మీద పట్టా కప్పుతూ మిగిలాడు. నీళ్ళు చీలమండలు దాటాయి, పిక్కలకు వచ్చాయి. ప్రతి కిటికీలోనూ ఒక మొహం ఉంది. ఏ మొహమూ బయటికి రాలేదు.

టప్.

మలుపు దగ్గర.

మేస్త్రీ లోపలికి వెళ్ళి మేకు మీది కొక్కెం తీశాడు. మూలనున్న కుర్చీని గోడనుంచి ఇటు తిప్పాడు. రెండూ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. మూత బరువుకు నడుము కలుక్కుమంది. బావమరిది చెయ్యి వెయ్యబోతే మోచేత్తో తోసేశాడు. మూత లేచింది. నీళ్ళు గుక్క పెట్టి తాగినట్టు లోపలికి పోయాయి.

అప్పుడు కుర్చీ వేశాడు. వేసి, అందులో కూర్చున్నాడు.

మనిషి కూర్చున్న కుర్చీ తేలదు. అంతే విషయం. ఇంతమంది తెలివికి అంతే తక్కువైంది.

జీపు అద్దం బెత్తెడు దిగింది. "ఎవరి పర్మిషనుతో తెరిచారు?" అన్నాడు ఇంజనీరు. ఒక కిటికీలోంచి కుట్టే ఆవిడ అరిచింది, "కొక్కెం జాగ్రత్త అన్నా, కొట్టుకుపోద్ది."

టప్. టప్. వాన చప్పుడు కిందగా, వీధి పొడుగునా, తొందరేమీ లేకుండా.

గోతికి అవతల నిలబడ్డ బావమరిది చెవి ఒగ్గాడు.

"బావా. కింద ఎవరో నడుస్తున్నట్టు లేదూ?"

మేస్త్రీ ఇన్నేళ్ళకు వాడి వైపు చూశాడు. "నడుస్తూనే ఉంది. నీకివాళ వినపడింది."

చప్పుడు వచ్చివచ్చి సరిగ్గా కుర్చీ కాళ్ళ కింద ఆగింది. మేస్త్రీ వంగి చీకట్లోకి చూశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. కాని వాటి అడుగున ఎవరో తల పైకెత్తి చూస్తున్నంత బరువుగా ఉంది ఆ ఖాళీ. "తీసే ఉంది," అన్నాడు మెల్లగా. ఎవరూ పైకి రాలేదు.

వాన వెలిసింది. నీళ్ళు తీశాయి. మేస్త్రీ కొక్కెంతో జరిపిన మూత దానంతట అది పడ్డట్టు ధబ్బుమని పడింది. ఇంజనీరు ప్యాంటు మడుచుకుని దిగి, "ఊఁ, ఆరాక కానియ్యవయ్యా," అన్నాడు వెల్డరుతో.

వెల్డరు పట్టా తియ్యలేదు. "నా వల్ల కాదు సార్. మా అక్క లోపలుంది."

"పిచ్చా? ఇంకొకణ్ణి తెస్తాను."

"తెచ్చుకోండి. వానలో తెచ్చుకోండి. వాడూ వింటాడు."

జీపు బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. ఆఫీసు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆఫీసును నమ్మొచ్చు.

బావమరిది చేతులు కట్టుకుని అరుగు ముందుకొచ్చాడు. "బావా, నన్ను క్షమించానని ఒక్క మాటను," అన్నాడు.

మేస్త్రీ కొక్కెం వాడి చేతిలో పెట్టాడు. కుర్చీ వాడి ముందుకు తోశాడు.

"వాన పడ్డప్పుడల్లా వచ్చి మూత తియ్యి. తీసి, ఇందులో కూర్చో. నీళ్ళు తీసేదాకా లేవకు. నాతో మాట్లాడకు. అది నడుస్తుంటే విను."

లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. గడియ మాత్రం పెట్టలేదు.