ముందే పెట్టిన సంతకాలు

పటాలు కట్టే ఆయన కంటి ఆపరేషన్‌కు వెళ్లేముందు చెక్కుబుక్కులో ఉన్న చెక్కులన్నిటి మీదా సంతకాలు పెట్టేశాడు. కళ్లకు కట్టు కడితే సంతకం వంకరపోతుందనీ, బ్యాంకు ఒప్పుకోదనీ ఆయన భయం. "ఎవరికెంత ఇవ్వాలో నువ్వు రాసుకో," అని భార్యకు అప్పజెప్పాడు. చదువరులారా, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది కదూ? ఆవిడకూ అలాగే అనిపించింది.

ఆయన రెండు కళ్లకూ కట్టు పడింది. ఇంకో ఆపరేషన్ మిగిలే ఉంది, దానికి దాచిన డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది. ఆస్పత్రికి చెక్కు రాద్దామని ఆవిడ పుస్తకం తిరగేస్తే చివరి చెక్కు లేదు. చింపిన అంచు మాత్రం మిగిలింది. పక్కనే ఉన్న మరిది ముఖం పాలిపోయింది.

"నేనే తీశాను వదినా. బండి వాయిదాల మీద కొన్నానుగా, షాపాయన షూరిటీగా ఒకటి ఇమ్మన్నాడు. ఊరికే దగ్గర పెట్టుకుంటాడంతే."

"ఎంతని రాసిచ్చావు?"

"ఏం రాయలేదు. ఖాళీదేగా!"

"వాయిదాలు కడుతున్నావా?"

మరిది తల అడ్డంగా ఊపాడు. ఆవిడ బ్యాంకుకు పరుగెత్తింది.

"ఆ చెక్కు ఇంకా రాలేదమ్మా," అంది అక్కడి ఆఫీసరమ్మ. "కానీ ఆపమని ఖాతాదారే సంతకం పెట్టివ్వాలి."

"కళ్లకు కట్టుంటే పెట్టలేరనేగా మేడం, ముందే అన్నీ పెట్టి ఉంచారు!" ఆవిడకు ఏడుపొచ్చేసింది.

"అయ్యో, ఆ మాటేదో ముందే మమ్మల్ని అడగాల్సింది. డాక్టరుగారి ఎదుట వేలిముద్ర తీసుకుంటాం కదా!"

ఆఫీసరమ్మ తనే ఇంకుప్యాడ్‌తో ఆస్పత్రికి వచ్చింది. ఆయన బొటనవేలు కాగితం మీద ఆనించాడు.

"ఇక భయం లేదా అమ్మా?"

"ఖాతాలో డబ్బు కదలదు. కానీ ఆ చెక్కు వెనక్కి తెచ్చుకోండి. సంతకం పెట్టి ఖాళీగా ఇస్తే, మిగతాది నింపుకోమని మీరే ఒప్పుకున్నట్టు లెక్క. రాసింది ఎవరైనా, సంతకం మీదేగా. అది బ్యాంకులో చెల్లకపోతే నోటీసు మీ పేరునే వస్తుంది, కోర్టు చుట్టూ తిరగాల్సిందీ మీరే."

మంచం పక్కనే వింటున్న మరిది బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ గంటలు ఎలా గడిచాయో ఆ దంపతులకే తెలియాలి. షాపాయన ఈలోపే అందులో ఏదో అంకె వేసేసి ఉంటే?

సాయంత్రం మరిది తిరిగొచ్చాడు.

"బండి చప్పుడు వినబళ్లేదేంరా?"

"నడిచొచ్చానన్నయ్యా. బండి వాళ్లకే వదిలేశా." చెక్కు అన్న చేతిలో పెట్టాడు. అది ఇంకా ఖాళీగానే ఉంది.

ఆయన దాన్ని తడిమి చూసి చింపేశాడు. భార్యచేత మిగతా చెక్కులూ తెప్పించుకుని, ఒకదాని మీద ఆస్పత్రి పేరూ మొత్తమూ రాయించి, తక్కినవన్నీ చింపాడు.

"బొమ్మ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నాకే పటం వెనక మేకులు కొడతాను," అన్నాడు. "ఇన్నేళ్ల పనివాణ్ణి, చెక్కు దగ్గరికొచ్చేసరికి మేకులు ముందే కొట్టేశాను. ఒరేయ్, నువ్వూ గుర్తుపెట్టుకో. ఎవరికి, ఎంత అన్నది రాశాకే సంతకం. అది ఆఖరి పని."