కుడిచేత్తో బిగించిన జాయింటు

ఫిన్నీ చేతిలోంచి ఏది జారిపడినా తప్పు దేవకుమారిదే. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో అదే చట్టం. టీ ఒలికితే "నిండా పోసేశానండి, నాదే బుద్ధితక్కువ" అనేది. పళ్ళెం జారితే "తడి తుడవకుండా ఇచ్చానండి" అనేది. చొక్కా గుండీ పట్టక అతను పళ్ళు నూరుకుంటుంటే, కాజాలు ఇంత సన్నగా కుడతాడా అని దర్జీని తిట్టిపోసేది. ఫిన్నీ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, కుడిచెయ్యి లుంగీ మడతలో దాచుకునేవాడు.

ఆ చెయ్యి రాజమండ్రిలో ఒక కంప్యూటర్ షాపుని పదకొండేళ్ళు నిలబెట్టిన చెయ్యి. మండపేట రోడ్డు మీద ధాన్యం లారీ ఒకటి బైకుని ఒరుసుకుపోయిన రోజున మోచేతి దగ్గర నరం చితికింది. ఎముక అతుక్కుంది గానీ వణుకు మిగిలిపోయింది. "నరం కదండీ, దాని ఇష్టం దానిది" అన్నాడు డాక్టరు. షాపువాళ్ళు రెండు నెలలు చూసి ఇంకొకర్ని పెట్టుకున్నారు. అప్పటినుంచీ ఫిన్నీ మంచం పట్టలేదన్న మాటే గానీ, మంచం దిగిందీ లేదు.

అలాంటి మనిషిని కదిలించినవాడు చంద్రరావు. రాజమండ్రిలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు ఆయనది. ఇల్లు కట్టకముందే కట్టినట్టు, గదిగదీ తిరిగి చూసినట్టు కంప్యూటర్లో సినిమా తీసి చూపిస్తారు. ఏప్రిల్లో ఒకరోజు పలకరించడానికని వచ్చి, మాటల్లో అన్నాడు.

"పాత సర్వర్లలోంచి తీసిన ప్రాసెసర్లు రెండు ఒకే బోర్డు మీద పెట్టి మిషను కడతానన్నావు కదయ్యా ఫిన్నీ, ఏమైంది?"

"అటక మీదున్నాయండి. ఈ చేత్తో ఏం కడతాను?"

"ఓ అపార్ట్‌మెంటు సినిమా ఉంది. మా మిషన్లకి పద్దెనిమిది గంటలు పడుతోంది. నువ్వు పది గంటల్లో తీసి చూపించు. మా ఆఫీసులో మిషన్లన్నీ నీ చేతికే అప్పగించేస్తాను."

నీ చేతికే. ఆ మాట ఆయన అలవోకగా అన్నాడు. దేవకుమారికి మాత్రం చర్చిలో వాక్యం విన్నట్టు ఒళ్ళు జలదరించింది. ఆయన వెళ్ళగానే ఫిన్నీ నిచ్చెన అడిగాడు.

మూడు వారాలు కట్టాడు. దేవకుమారి ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు ఆపేసింది. అయినా ఆ మూడు వారాల్లో ఏది ఏమిటో కొంత తెలుసుకుంది. కంపెనీవాడు పెట్టిన వేగానికైతే ఆ సినిమాకి పన్నెండు గంటలు పడుతుందట. అంతకంటే వేగంగా తోలాలట. తోలితే ప్రాసెసర్లు కాలిపోయేంత వేడెక్కుతాయి కాబట్టి వాటి మీద రాగిదిమ్మలు బిగించి, వాటిలోంచి పైపులతో నీళ్ళు తిప్పాలట. ఆ నీళ్ళు పాత కారు రేడియేటర్లోకి పోయి, ఫ్యాన్ల గాలికి చల్లారి, మళ్ళీ దిమ్మల్లోకి రావాలి. మధ్యాహ్నపు ఎండకి ఆ గాలి చాలదని, రాగిగొట్టం ఒకటి చుట్టలు చుట్టి మంచినీళ్ళ కుండలో ముంచాడు. గొట్టం లోపలి నీళ్ళు వేరు, కుండలో నీళ్ళు వేరు. లోపల తిరిగేది బ్యాటరీల్లో పోసే నీళ్ళు. పైపులకే కలిపి, ఆ నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసా మీద పెన్నుతో గీత గీశాడు. చెయ్యి వణికి, గీత వంకరగా పడింది.

మరలు జారి మంచం కింద దొర్లేవి. ఆమె పాకి వెతికి తెచ్చి, "లైటు నేనే సరిగ్గా పట్టలేదండి" అనేది. అతను మర అందుకుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. అంతా కలిపాక, కరెంటు ఇవ్వకుండా ఒక రోజంతా పంపు మాత్రం తిప్పాడు. ప్రతి జాయింటు కిందా వార్తాపత్రిక ముక్క పరిచాడు.

"ఒక్క చుక్క కారినా కాగితం చెప్పేస్తుంది. మొహమాటానికి పోదు అది" అన్నాడు. ఆమెవైపు చూసి చాలా నెలల తర్వాత నవ్వాడు.

కాగితాలన్నీ పొడిగా వచ్చాయి. ఆ సాయంత్రం నాలుగేళ్ళ కూతురు మెర్సీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కుడిచేత్తో జడకి రిబ్బను కట్టాడు. పావుగంట పట్టింది. ముడికి ఒక చెవి పైకి లేచి, ఒక చెవి కిందికి వేలాడింది. మెర్సీ దాన్ని రెండు రోజులు విప్పనివ్వలేదు. వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతానని ఫిన్నీ పాస్టరు గారికి ఫోన్ చేస్తుంటే, దేవకుమారి వంటింట్లోకి పోయి కొంగుతో నోరు నొక్కుకుంది.

గురువారం పొద్దున్న ఒక పైపు పొడుగైందని కోసి, ఆ జాయింటు మళ్ళీ బిగించాడు. కుడిచేత్తోనే. కాగితం వేసి చూడ్డానికి టైము లేదు. ఆరింటికి సినిమా మొదలుపెట్టాడు. నాలుగింటికి పూర్తవ్వాలి. పన్నెండున్నరకి చంద్రరావు ఫోన్ చేశాడు. ద్రాక్షారామంలో సైటు చూస్తున్నాడట. నువ్వూ వచ్చెయ్యి, కార్లో కలిసే మీ ఇంటికి వద్దాం, దారిలో మాట్లాడుకోవచ్చు అన్నాడు. ఫిన్నీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెరమీద మూలనున్న అంకె చూపించాడు.

"ఇది వేడి. ఎనభై అయిదు దాటితే నాకు ఫోన్ చెయ్యి. తొంభైకి వస్తే ఈ బటన్ నొక్కి ఆపెయ్యి. పని పోయినా ఫర్వాలేదు, మిషను ఉంటే మళ్ళీ చేసుకోవచ్చు. సీసాలో నీళ్ళు గీత కిందకి దిగితే ఇదిగో క్యాన్లోంచి పొయ్యి. కుండలో నీళ్ళు మారుస్తూ ఉండు."

"కుండ ఎంత చల్లగా ఉంచమంటారు?"

"ఎంత చల్లగా ఉంటే అంత మంచిది."

అతను వెళ్ళేటప్పటికి అంకె ఎనభై ఒకటి. ఆమె స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు చూసింది. ఎనభై రెండు. కుండలో నీళ్ళు మార్చింది. ఎనభై మూడు. మళ్ళీ మార్చింది. ఈసారి అంకె దిగకపోగా ఎనభై నాలుగుకి ఎక్కింది. కుండలో చెయ్యిపెట్టి ఉలిక్కిపడింది. డాబా మీద ట్యాంకు ఎండకి కాగిపోయింది, కుళాయిలోంచి వేడినీళ్ళే వస్తున్నాయి.

ఎనభై ఆరు.

ఫోన్ తీసింది. కార్లో పెద్దమనిషి పక్కన కూర్చుని, ఎనిమిది నెలల తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి. ఫోన్ మోగుతుంది. "ఏంటి దేవీ?" అంటాడు. ఆయన చూస్తూ ఉంటాడు. ఆమెకి బొటనవేలు కదల్లేదు. ఫోన్ పక్కన పెట్టి పక్కింటికి పరిగెత్తింది.

పక్కింటి పెద్దావిడ పేరు చిన్నమ్మాయి. చెరువుల దగ్గర రొయ్యలు కొని బజార్లో అమ్ముతుంది. ఆవిడ అరుగు మీద థర్మాకోల్ పెట్టెలు ఎప్పుడూ ఉంటాయి.

"పిన్నీ, ఐసుందా?"

"ఉంది గానీ, ఎవరికేమైందే?"

"కంప్యూటర్‌కి పిన్నీ."

"ఓసోసి! దానికీ వడదెబ్బేనా? మజ్జిగ పట్టకపోయావా?" అని చిన్నమ్మాయి పడీపడీ నవ్వింది. "రెండు పెట్టెలూ పట్టుకెళ్ళు తల్లీ, ఎలాగూ కరిగిపోయేదే."

ఐసు ముక్కల్ని రోకలితో నలగ్గొట్టి కుండలో వేసింది. రొయ్యల వాసన గుప్పుమంది. ఎనభై ఆరు, ఎనభై, డెబ్భై రెండు. ఆమె నమ్మలేకపోయింది. ఇంకాస్త వేసింది. అరవై నాలుగు. "మీ నాన్న మిషను చూడవే" అని మెర్సీని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. సినిమా నూటికి ఎనభై వంతులు దాటింది. పైపులు మసకబారి, సోడాసీసాకి పట్టినట్టు సన్నటి చెమట పట్టింది. చల్లదనం బాగా పాకుతోంది అనుకుంది. ఆ చెమట చూసి మురిసింది కూడా.

రెండూ నలభైకి, ఎనభై ఏడో వంతు దగ్గర, టప్ మంది. తెర నల్లబడింది. ఫ్యాన్లు ఆగాయి. చిన్నగా కమురు వాసన. తొంగిచూస్తే పైపు వెంట జారిన చెమట, పొద్దున్న బిగించిన జాయింటు దగ్గర చేరి, అక్కణ్ణుంచి బోర్డు మీదికి చుక్కలు చుక్కలుగా దిగుతోంది.

ఏం చేస్తున్నదీ ఆమెకి తెలియలేదు. భయం పట్టిన చేతులు వాటంతటవే పనిచేశాయి. స్విచ్చి కట్టేసింది. కుండలో ఐసు తీసి పెరట్లో జామమొదట్లో పారబోసింది. పెట్టెలు అరుగు మీద పెట్టేసి వచ్చింది. పైపులు పైట చెంగుతో తుడిచింది. లోపలి జాయింటుకి చెయ్యి అందలేదు.

మూడుంపావుకి కారు ఆగింది. వెనకాల చంద్రరావుతో ఫిన్నీ నవ్వుతూ గుమ్మంలోకి వచ్చాడు. నల్లటి తెర చూశాడు. వంగి లోపలికి చూశాడు. జాయింటు అడుగున ఇంకా ఒక చుక్క వేలాడుతోంది.

"దేవీ, ఏమైనా ముట్టుకున్నావా?" గొంతులో ఆశ ఉంది. అవునంటే బాగుణ్ణన్నట్టుగా ఉంది. అది ఆమెకి తర్వాత అర్థమైంది. అప్పుడు ఆమె కంటికి కనపడింది చంద్రరావు తెల్ల చొక్కా ఒక్కటే.

"నేనేమీ ముట్టుకోలేదండి. చూస్తూ కూర్చున్నానంతే."

ఫిన్నీ తల ఊపాడు. "పొద్దున్న బిగించిందే" అన్నాడు, తనలో తనే.

"ఎండల్లో ఇవన్నీ మామూలేలే. మళ్ళీ చూద్దాం" అన్నాడు చంద్రరావు. మంచివాడు, మంచినీళ్ళు కూడా తాగాడు. కానీ చెప్పులు వేసుకుంటూ ఫిన్నీ చేతి వంక ఒక్కసారి చూశాడు. ఆ చూపు ఫిన్నీకి కనబడింది.

చీకటిపడకముందే దేవకుమారి చెప్పేసింది. మంచం పక్కన కింద కూర్చుని ట్యాంకు నీళ్ళ దగ్గర్నుంచి జామచెట్టు దాకా మొత్తం చెప్పింది. చెబుతూ వెక్కింది. "మీ చెయ్యి కాదండీ. ఐసు. పైపులకి చెమట పట్టింది. నేనే చంపేశానండీ దాన్ని."

ఫిన్నీ ఓపిగ్గా విన్నాడు. ఎడమచేత్తో ఆమె తల నిమిరాడు.

"టీ గ్లాసు నీదే, పళ్ళెం నీదే. ఇప్పుడు ఇదీ నీదేనా? ఈసారి బాగా అల్లావు దేవీ. ఐసు సంగతి యూట్యూబులో చూశావా?"

ఆమె లేచి మిషను పక్కనున్న సీసా చూపించింది. "నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి చూడండి. కారితే తగ్గవా?"

"నేనే చెప్పాను కదా, తగ్గితే పొయ్యమని. పోశావు."

"ప్రభువు తోడండీ!"

"ప్రభువుని ఇందులోకి లాగకు" అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు చిన్నమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "అవును బాబూ, రెండు పెట్టెలు పట్టుకెళ్ళింది, నేనే ఇచ్చాను" అంది ఆవిడ. ఫిన్నీ మర్యాదగా లేచి కూర్చుని, "సరేనండి" అన్నాడు. ఆవిడ వెళ్ళాక, "పాపం, పెద్దావిడ చేత కూడా ఎందుకు దేవీ?" అన్నాడు. అరిచినా బాగుండేది. కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఇక మిగిలింది కాగితమే. శనివారం పొద్దున్న, అతను పంపు తిప్పడం ఎలా చూపించాడో గుర్తుతెచ్చుకుని తనే తిప్పింది. ఏ జాయింటునీ ముట్టుకోలేదు. వాటి కింద పేపరు ముక్కలు పరిచింది. ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలింది. అతను రాలేదు. పగలంతా పని మధ్యలో పదిసార్లు వచ్చి చూసుకుంది. ఆదివారం తెల్లారాక, గురువారం బిగించిన జాయింటు కింది ముక్కని రెండు చేతులా పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్షరం కూడా చెదరలేదు. పెళపెళలాడుతోంది.

"చూడండి. పొడి. మీరు బిగించింది గట్టిగా ఉందండీ. ఇప్పటికీ గట్టిగానే ఉంది."

ఫిన్నీ కాగితాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఆ ఒక్క క్షణం అతని కనుబొమలు ముడిపడ్డాయి, షాపులో మిషను విప్పేటప్పుడు ముడిపడినట్టే. తర్వాత ఆ ముడి విడిపోయింది.

"ఎన్ని కాగితాలు మార్చావు?" అన్నాడు మెల్లగా.

"ఒక్కటీ మార్చలేదండీ."

"ముట్టుకోలేదని కూడా అన్నావు." కాగితం మడిచి దిండు పక్కన పెట్టాడు. "నీ మీద కోపం లేదు దేవీ. నువ్వు నాకోసమే చేస్తావు ఏదైనా. చర్చికి మీరు వెళ్ళండి. సాక్ష్యం లేదని పాస్టరు గారికి చెప్పు."

అప్పుడే మెర్సీ గౌను వేసుకుని, రిబ్బను పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చి వీపు తిప్పి నిలబడింది.

"అమ్మ దగ్గరికి వెళ్ళమ్మా."

"నువ్వే కట్టు నాన్నా."

"నాకు రాదమ్మా."

పిల్ల కదల్లేదు. కుడిచెయ్యి లుంగీ మడతలోకి పోయింది. దేవకుమారే పిల్లని దగ్గరికి లాక్కుని జడ పట్టుకుంది.

"నాన్న కట్టినట్టు కట్టు. ఒకటి పైకి, ఒకటి కిందికి" అంది మెర్సీ ఏడుపుగొంతుతో.

దేవకుమారి కట్టింది. విప్పి మళ్ళీ కట్టింది. ఒక చెవి కిందికి లాగింది, వేళ్ళు వదులు చేసింది. చర్చిలో మొదటి గంట కొట్టారు, రెండో గంట కూడా కొట్టారు. ఎన్నిసార్లు కట్టినా ఆ పాడు ముడి తిన్నగానే పడుతోంది.