పేరు హైమావతిది, పర్సు పానకాలరావుది

నేను ఒక ఏటీఎం కార్డుని. సరిగ్గా చెప్పాలంటే, సగం కార్డుని. మిగతా సగం గుంటూరులో ఒక బ్యాంకు చెత్తబుట్టలో పడి ఎటు పోయిందో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. నా ఈ సగం మీద 'జి. హైమావతి' అన్న అక్షరాలున్నాయి. నాకు అవి చాలు.

ఏదో ఊళ్లో ఒక యంత్రం నన్ను ప్లాస్టిక్ పలకలోంచి కోసి, చిప్పు అతికించి, ఒంటి మీద ఆ పేరు ఉబ్బెత్తుగా గుద్దింది. ఆ హైమావతి ఎవరో చూడాలని కవరులో కూర్చుని తెగ ఉబలాటపడ్డాను. కవరు చించింది మాత్రం ఆమె మొగుడు పానకాలరావు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి తన పర్సులో దోపుకున్నాడు. అదీ నా గృహప్రవేశం.

హైమావతి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పగలనక రాత్రనక డ్యూటీలు చేసి, రోగుల వాంతులెత్తి సంపాదించేది ఆమె. జీతం పడిందన్న మెసేజీ వెళ్లేది పానకాలరావు ఫోనుకి. నా పిన్ను కూడా అతగాడి పుట్టినరోజే. ఒళ్లు మండదా మరి? పెళ్లాం జీతంతో స్నేహితులకి బిర్యానీలు తినిపిస్తూ, "డబ్బు వ్యవహారాలన్నీ నేనే చూసుకుంటానురా, ఆవిడకెందుకు ఆ తలనొప్పి!" అనేవాడు. ఆవిడ ఆటోకి అడిగితే మాత్రం, "నిన్ననేగా ఇచ్చింది?" అని విసుక్కునేవాడు. ఇచ్చాడట, మహాదాత! సొమ్ము ఒకడిది సోకు ఒకడిది అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, వాళ్లు ఒక పూటైనా ఇతని పర్సులో ఉండి ఉంటారు.

నాకు ఆమె మీదా కోపమే. ఆసుపత్రివాళ్లు డయాలసిస్ శిక్షణ పెట్టారు. పూర్తిచేస్తే ఆ విభాగం బాధ్యత ఆమెకే ఇస్తామన్నారు. దానికి ఫీజు కట్టాలి. అన్నం వడ్డిస్తూ ఆ మాట మెల్లగా మొగుడి చెవిన వేసింది.

"ఈ వయసులో నీకు చదువేందే? ముందు పప్పులో ఉప్పు చూసుకో," అన్నాడు పానకాలరావు.

ఆమె గరిటె కింద పెట్టింది. వెళ్లి ఉప్పు తెచ్చింది. ఫీజుకి సరిపడా ఆమె జీతమే ఖాతాలో మూలుగుతుంటే, ఆమె ఉప్పుడబ్బా పట్టుకుని నిలబడింది! పర్సులో పళ్లు నూరుకోవడం తప్ప నేను చెయ్యగలిగింది లేకపోయింది.

ఏటా వరలక్ష్మీ వ్రతం నాడు పానకాలరావు నన్ను బయటికి తీసి, అమ్మవారి ముందు పళ్లెంలో పెట్టేవాడు. హైమావతి నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతులు జోడించేది. తన కష్టానికి తనే దండం పెట్టేదన్నమాట. హారతి అయిందో లేదో అతని చెయ్యి పళ్లెం మీదికి వచ్చేది, నేను మళ్లీ అతని పర్సులో పడేదాన్ని.

ఆ శిక్షణ మాట వచ్చిన ఏడాది శ్రావణంలో అతనికి భక్తి ముదిరింది. "ఆ చిప్పు నిండా పట్టించవే, అమ్మవారు చల్లగా చూస్తది," అన్నాడు. ఆమె తడి పసుపు దట్టంగా మెత్తింది. మర్నాటికి అది ఎండి గట్టిపడింది. ఎన్నిసార్లు దోపినా మిషను నన్ను ఉమ్మేసింది. పానకాలరావు బండి తాళంచెవితో చిప్పు గీకాడు. దాంతో నా పని అయిపోయింది. చస్తూ కూడా నవ్వుకున్నది నేనొక్కదాన్నేనేమో.

కొత్త కార్డు కావాలంటే ఖాతాదారు స్వయంగా రావాలన్నారు. మొగుడి వెనకాలే హైమావతి మొదటిసారి బ్యాంకు మెట్లెక్కింది.

"ఈ కార్డు ఎవరిదండీ?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"నాదేనండీ. అంటే... మా ఆవిడది," అన్నాడు పానకాలరావు.

"అయితే మీరు అలా కూర్చోండి. అమ్మా, మీరు రండి. ఇక్కడున్న ఫోన్ నంబరు మీదేనా?"

హైమావతి వెనక్కి తిరిగి మొగుడి మొహం చూసింది. నాకు అరవాలనిపించింది. తన నంబరేదో కూడా అతన్నే అడగాలా!

"నేనడిగింది మిమ్మల్నమ్మా," అంది ఆఫీసరమ్మ.

"కాదండీ," అంది హైమావతి. గొంతు వణికింది. "నా నంబరు రాసుకోండి."

అక్కడికక్కడ ఇచ్చిన కొత్త కార్డు మీద పేరు లేదు. అందుకేనేమో, ఆఫీసరమ్మ నన్ను రెండుగా కత్తిరించగానే, పేరున్న ముక్కని హైమావతి అడిగి తీసుకుంది.

బయట మిషను దగ్గర, "పిన్ను నా పుట్టినరోజే కొట్టు," అన్నాడు పానకాలరావు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నొక్కింది.

"ఏం నొక్కావే?"

"నాకు గుర్తుండేదండీ."

కొత్త కార్డు, నేను, ఇద్దరం ఆమె పర్సులోకే వెళ్లాం. మర్నాడు డ్యూటీ దిగి, కాసిని డబ్బులు తీసుకుని ఆసుపత్రి ఎదుట బజ్జీల బండి దగ్గర ఆగింది.

"ఏం ఇమ్మంటావమ్మా?"

"ఆయనకైతే మిరపకాయ బజ్జీ..." అని ఆగిపోయింది. తనకేం ఇష్టమో తనకే తెలియలేదు! పిల్లల తల్లి, ఎంతమంది ప్రాణాలకో కాపలా కాసిన మనిషి, బజ్జీల బండి ముందు దిక్కులు చూసింది. ఆ క్షణం నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. పర్సు లాక్కున్నవాడు డబ్బుతో ఆగడు, ఇష్టాలు కూడా ఎత్తుకుపోతాడు. హైమావతి అన్ని రకాలూ ఒక్కొక్కటి పెట్టించుకుని నిలబడి తింది. అరటికాయ బజ్జీ ఇంకోటి అడిగింది. ఇష్టమేదో తెలిసింది కదా, మర్నాడే శిక్షణకి ఫీజు కట్టేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పానకాలరావు కంచం నెట్టాడు. "చేతిలో కార్డు పడంగానే కళ్లు నెత్తికెక్కాయే నీకు!"

"పప్పులో ఉప్పు సరిపోయిందా అండీ?" అంది హైమావతి.

ఇప్పుడు డయాలసిస్ విభాగం ఆమెదే. "ఇవాళ ఈయనకి ఆపుదాం సార్, బీపీ పడిపోతోంది," అని డాక్టరుకే చెబుతుంది. ఆ గొంతు వణకదు.

మళ్లీ శ్రావణ శుక్రవారం వచ్చింది. పళ్లెంలో ఆమె పర్సు, పర్సులో కొత్త కార్డు పక్కన నేను. హారతి అయింది. పాత అలవాటు, పానకాలరావు చెయ్యి పర్సు ఇమ్మన్నట్టు పళ్లెం మీదికి సాగింది. హైమావతి ఆ అరచేతిలో తీర్థం పోసింది.

అతను తాగేసి, తడి చెయ్యి నెత్తికి రాసుకున్నాడు. హైమావతి పర్సు తీసి భుజానికి తగిలించుకుని డ్యూటీకి బయల్దేరింది.