లహరి గుప్పిట్లో

నేను ఒక ఎర్ర రబ్బరు బంతిని. గోడకేసి కొడితే చూరు దాటి ఎగరగలనని నాకు మహా గీర. అచ్చులోంచి ఊడిపడి, వలసంచిలో వేలాడుతూ ఒంగోలు చేరి, ఆసుపత్రి ఎదుటి బండి మీద కూర్చున్నప్పుడు కూడా ఆటల మీదే ధ్యాస. నన్ను కొన్న మాల్యాద్రి మాత్రం తిన్నగా రక్తం ఎక్కించే వార్డుకు పట్టుకుపోయి కూతురు లహరి గుప్పిట్లో పెట్టాడు. పిసికితే నరం తేలుతుందట! అదీ నాకు దొరికిన ఉద్యోగం.

లహరికి తలసీమియా. ఒంట్లో రక్తం నిలవదు, నెల తిరక్కుండానే మళ్ళీ ఎక్కించాలి. సూది నరం కోసం వెతికినంతసేపూ నన్ను పిసికి పిప్పి చేసేది. పోనీలెండి, ఆ చిన్న చేతికి దిగే సూదుల ముందు నా బాధ ఏపాటిది.

మాల్యాద్రి, సుభాషిణిలది మేనరికం. ఇద్దరికీ జబ్బు లేదు గానీ, ఇద్దరి రక్తంలోనూ ఆ లోపం దాగుంది. అలాంటి జంటకు పుట్టే నలుగురిలో ఒకరికి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. మనుషులు లెక్కల్లో గట్టివాళ్ళు కదా! మాల్యాద్రి తల్లి రమణమ్మ ఇల్లు చేరేలోపే లెక్క తేల్చేసింది.

"ఆ ఒక్కటీ మన లహరికొచ్చేసిందిగా. ఇంక పుట్టేవాళ్ళు గుండ్రాళ్ళలా ఉంటారు. నువ్వేం భయపడబాక కోడలా."

ఆ మాట అందరికీ తియ్యగా తోచింది. సుభాషిణి నెల తప్పింది.

"ప్రతి కాన్పుకీ అదే ప్రమాదం తల్లీ, లహరితో తీరిపోలేదు" అంటూ డాక్టరమ్మ తల పట్టుకుంది. కడుపులో బిడ్డను అంటుకున్న మాయలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. అప్పుడు సుభాషిణి చేతిలోనూ నేనే ఉన్నాను. ఈ బిడ్డకూ అదే జబ్బని తేలింది.

"బావా, దీన్ని వద్దంటే మన లహరిని వద్దన్నట్టు కాదా?" అని వెక్కివెక్కి ఏడ్చింది సుభాషిణి.

"సూది గుచ్చినప్పుడల్లా లహరి ఏడుపు వినలేక బయటికి పోతుండా. ఇంకో బిడ్డని ఆ మంచం మీద పడుకోబెట్టలేను సుభా" అన్నాడు మాల్యాద్రి. ఇద్దరి మాటా నిజమే. ఆ నిజాలతోనే నాలుగు రోజులు తిండి లేకుండా గడిపి, చివరికి కడుపు తీయించుకున్నారు.

ఇంటికొచ్చాక రమణమ్మ కోడలి తల నిమురుతూ ఓదార్చింది. "పుట్టినా ఆ జబ్బుతోనే పుట్టేది గదమ్మా. ఊరుకో."

మంచం పక్కన నాతో ఆడుకుంటున్న లహరి తలెత్తింది.

"నాక్కూడా ఆ జబ్బే గదా నానమ్మా. మరి నన్నెందుకు ఉంచుకున్నారు?"

రమణమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. "అప్పుడు మాకు తెలీదే తల్లీ" అనేసింది.

"తెలిసుంటే?"

సుభాషిణి బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుని బావురుమంది. లహరి నన్ను కింద పెట్టి, రెండు చేతులతో తల్లి కళ్ళు తుడిచింది.

"పోనీలే అమ్మా, ఇంక అడగను" అంది.