ఆడికృత్తిక ముందురోజు

...అయినా, పిలవగానే వెళ్ళి కూర్చుంటే కొట్టరని తనకు ఎవరు చెప్పారు? అత్తా? చెంచమ్మకు గుర్తు రాలేదు. చేతులు మాత్రం అన్నం మూట కడుతూనే ఉన్నాయి. తిరుత్తణి కొండమీద ఆడికృత్తిక అంటే ఊరికి కావడి, యానాదుల కాలనీకి పోలీసు వాన్. జనంలో గొలుసులు పోకుండా ఉండాలంటే ఈ కాలనీ మగవాళ్ళు పండగ అయ్యేదాకా స్టేషన్ వెనక కూర్చోవాలట. నిరుడు భర్త సుందరరాజ్ ఇలాగే మూట పట్టుకుని వెళ్ళి, దెబ్బలకు ఒక చెవి వినికిడి పోగొట్టుకుని వచ్చాడు. ఈసారి కొడుకు వసంత్‌నీ రమ్మన్నారు. పోలీసు ఇంకా గడప తొక్కలేదు. తన చేతుల్లోకి మాత్రం ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు.

బయట బోరింగు దగ్గర కాలనీ అంతా చేరింది. తిరువళ్ళూరు కంపెనీలో పనిచేసే జెనిఫర్ గొంతు చించుకుంటోంది.

"ఈసారి ఎవురూ వాన్ ఎక్కగూడదు. ఏం కేసని అడగాల!"

"అడిగేది సులువు పాపా," కన్నియమ్మ మూతి తిప్పింది. "తన్నులు తినేదానికి నీకు మొగుడే లేడే!"

అందరూ నవ్వారు. సుందరరాజ్ నవ్వలేదు.

"నాకింగో చెవుండాది. దాంతో వింటాండా. నువ్వు చెప్పు పాపా."

నవ్వు ఆగిపోయింది.

అంతలో వాన్ రానే వచ్చింది. కానిస్టేబుల్ జయకుమార్ దిగాడు.

"ఏందమ్మా, అన్నం కట్టినారా? మగోళ్ళు రాండి, శీక్రం!"

"ఏం కేసు సార్?" జెనిఫర్ ఎదురు నిలబడింది.

"యానాదోళ్ళకి కేసెందుకే? రేయ్ వసంత్, ఎక్కరా!"

కాలరు పట్టి లాగి, లోపలికి తోశాడు. జనం ముందుకు కదిలి, లాఠీ లేవగానే ఆగిపోయారు. వసంత్ అన్నం మూటతో బయటికొచ్చిన తల్లి వైపు చూశాడు. గమ్మునుండు నాయనా, వదిలేస్తారులే. మాట నాలిక దాకా వచ్చింది. అది తన మాటేనా? నిరుడు సుందరరాజ్‌కు చెప్పింది కూడా ఇదే.

చెంచమ్మ ఆ మాటను మింగేసింది. కుచ్చిళ్ళు దోపుకుని వాన్ ఎక్కి, కొడుకు పక్కన కూర్చుంది.

"ఏయ్, నువ్వెందుకు? దిగు!"

ఆమె కదలలేదు.

"నేనూ యానాదిదాన్నే సార్," కన్నియమ్మ అతన్ని తోసుకుని మెట్టెక్కింది. "నేనూ దొంగనే. నన్నిడిసిపెట్టి పోతే రేపు గొలుసులు పోవా?"

ఆమె వెనక జెనిఫర్. ఆ వెనక సుందరరాజ్. ఆ వెనక చంటిబిడ్డల తల్లులు. "అందర్నీ పట్టుకపోండి! అందర్నీ!" అన్న కేక రోడ్డు దాకా పాకింది. జయకుమార్ లాఠీ ఊపుతూ ఎవరెవరినో దిగమని అరుస్తున్నాడు.

చెంచమ్మ బల్ల మీద ఇంకొంచెం లోపలికి జరిగింది.