ఎత్తని ఫోన్, రాయని మాట

హెల్సింకిలో ఒక డిజైన్ ఆఫీసు. మధ్యాహ్నం భోజనాల వేళ విల్మా సూప్ తాగుతుంటే బల్ల మీద ఫోన్ మోగింది. పేరు చూసి బోర్లించింది.

"ఎత్తవా?" అన్నాడు పక్కనున్న ఆరో.

"మా అక్క మారికా. దానికి ఊరికే ఫోన్ చేసే జబ్బుంది, పాతకాలం మనిషి. పనుంటే మెసేజ్ పెడుతుందిలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇటువంటి నవ్వులు మన ఆఫీసుల్లో రోజూ వినబడేవే. తప్పేముందని ఎవరికీ తోచదు.

ఫోన్ మళ్లీ మళ్లీ మోగింది. మెసేజ్ మాత్రం రాలేదు. సాయంత్రం ట్రామ్ ఎక్కాక మనసు కీడు శంకించి విల్మాయే తిరిగి చేసింది. అక్క గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు.

"అమ్మ పోయింది. మధ్యాహ్నం గుండెపోటు వచ్చింది. ఇందాకటిదాకా తెలివిలోనే ఉంది. నువ్వొస్తున్నావా అని అడుగుతూనే ఉంది."

మధ్యాహ్నం ఫోన్ మోగినప్పుడే బయల్దేరి ఉంటే, అమ్మ ఉండే టాంపెరే ఊరికి వెళ్లే రైలు ఆమెను బతికున్న తల్లి దగ్గరికి చేర్చేదే. ఆ రాత్రి అదే రైల్లో కూర్చున్నంతసేపూ విల్మాకు కన్నీళ్లు రాలేదు. టికెట్ అడిగినవాడికి థాంక్స్ కూడా చెప్పింది.

అంత్యక్రియల రోజు చర్చి హాల్లో అందరూ కాఫీ తాగుతున్నారు. విల్మా చేతిలో సాల్మన్ చేప ముక్క పెట్టిన రొట్టె ఉంది. తింటోంది గాని రుచి తెలియడం లేదు. ఖాళీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్తే మారికా సింకు దగ్గరే ఉంది.

"ఒక్క ముక్క రాసి ఉండొచ్చు కదక్కా."

"అమ్మ చావుబతుకుల్లో ఉందని మెసేజ్ పెట్టాలా? అదేమన్నా పిజ్జా ఆర్డరా? నా చిన్నప్పుడు ఫోన్ మోగితే ఇంటిల్లిపాదీ పరిగెత్తేవాళ్లం."

"నాకు ఊహ తెలిశాక ఫోన్ ఎత్తితే ఏదో సరుకు అంటగట్టేవాళ్లే. ముఖ్యమైతే ఎవరైనా రాస్తారు. నువ్వు రాయలేదంటే ఏమీ లేదనుకున్నా."

అరుచుకోవలసిన మాటలే. కాని ఇద్దరికీ అరిచే ఓపిక లేదు. కుళాయి పారుతూనే ఉంది.

తల్లి తమ్ముడు ఎస్కో గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. కుళాయి కట్టేశాడు.

"పేపర్లవాళ్లు మీ ఇద్దరినీ ఒకే తరమని రాస్తారు. మీ మధ్యనున్న పదమూడేళ్ల తేడాలో లోకం ఎంత మారిందో వాళ్లకేం తెలుసు? మీలో అమ్మ మీద ప్రేమ లేనిదెవరికి? ఒకతి చెప్పాననుకుంది, ఒకతి చెప్పలేదనుకుంది."

"మరి తప్పెవరిది మామయ్యా?" అంది విల్మా.

ఎస్కో తువ్వాలు తీసుకుని తడి కప్పు తుడిచి పక్కన పెట్టాడు.

"ఇద్దరిదీ. మనకు అలవాటైన పద్ధతిలో చెప్పేసి ఊరుకుంటే చెప్పినట్టు కాదమ్మా. అవతలి మనిషికి చేరాలి. చేరేదాకా అన్ని దారులూ తట్టాలి. వినేవాళ్లు కూడా, తమకు నచ్చిన దారిలోనే కబురు రావాలని భీష్మించుకుని కూర్చోకూడదు."