దొర తినే ఆకులు

దొరసాని చనిపోయి ఎనిమిది నెలలైంది. దొరసాని అంటే తాబేలు. దొర, దొరసాని అని ఆ జంటకి పేర్లు పెట్టిందీ, ఇరవయ్యేళ్లు కంటికి రెప్పలా పెంచిందీ అక్క. మట్టన్నది లేని మూడో అంతస్తులోకి మారాల్సి వచ్చి, వాటిని దర్జీ పని చేసే, పెరడున్న చెల్లెలి చేతుల్లో పెట్టింది. ఏడాది తిరక్కుండానే ఒకటి పోయింది. తిన్న ఆకులో విషముందన్నాడు పశువుల డాక్టరు.

"నమ్మి ఇస్తే చంపేశావు కదే!" అంది అక్క.

పెరట్లో అందానికి పెంచుకున్న క్రోటన్ల వల్లే అనుకుని చెల్లెలు తల వంచుకుంది. ఆ పూటే వాటిని వేళ్లతో సహా పీకి పారేసింది. మిగిలిన దొరకి మాత్రం ఏమీ కానివ్వకూడదని పట్టుబట్టింది. తాబేళ్లు తినదగ్గ మొక్కల పేర్లు డాక్టరు చేత రాయించుకుని, నెల తర్వాత నర్సరీకి వెళ్లింది.

"ఏది తీసుకున్నా పురుగు ముట్టదమ్మా! వేళ్లకే మందు పోస్తాం. ఆకాకుకీ ఎక్కుతుంది, నెలల తరబడి పోదు" అన్నాడు నర్సరీ అతను, అదేదో ఘనకార్యమైనట్టు.

ఆమెకి చప్పున గుర్తొచ్చింది. దొరసాని జబ్బుపడటానికి వారం ముందు, దానికి ఇష్టమని అక్క విరబూసిన మందారం కుండీ తెచ్చింది. ఈ నర్సరీదే. మందారం మంచిదే కదా అని ఇద్దరిలో ఒక్కరూ అనుమానపడలేదు. కొత్త గుడ్డని నీళ్లలో నానబెట్టి ఆరేయకుండా కత్తెర పెట్టని తను, కొత్త మొక్కని మాత్రం తెచ్చింది తెచ్చినట్టే నేలలో పాతేసింది. దొరసాని రోజూ దాని కిందే మేసేది, దొర మాత్రం అటు వెళ్లేవాడు కాదు.

ఇంటికొచ్చి ఆ మందారాన్ని పెకలించింది. అక్కకి మాత్రం చెప్పలేదు.

ఇక అక్కణ్ణుంచి ఆమెది ఒకటే పట్టు. కొన్న మొక్క ఒక్కటి కూడా పెరట్లో అడుగుపెట్టకూడదు. పై మట్టి జానెడు లోతున తవ్వించి బయట పారబోయించింది. గరిక తెచ్చి నాటింది. మల్బరీ కొమ్మ, మందారం కొమ్మ ఎవరింట్లో కనబడితే వాళ్ల తలుపు తట్టింది. మందు కొట్టారా, ఎరువేం వేశారు, పక్కింటివాళ్లేం కొడతారు అని ప్లీడరులా నిలదీసింది. కొందరు నవ్వారు, ఒకావిడ మొహమ్మీదే తలుపేసింది. అయినా మర్నాడు ఇంకో వీధికి వెళ్లింది. అవన్నీ ఎదిగేదాకా దొరకి తానే గడ్డి ఏరి తెచ్చి, మూడుసార్లు కడిగి పెట్టింది.

"మరుజన్మంటూ ఉంటే ఈ ఇంట్లో తాబేలుగా పుడతాను" అనేవాడు భర్త, చల్లారిపోయిన కూర కలుపుకుంటూ.

ఆదివారం పొద్దున్న అక్క వచ్చింది. ఒక చేతిలో మూత బుట్ట, ఇంకో చేతిలో పూలతో నిండిన మందారం కుండీ.

"కింది వాటా దొరికింది, జాగా కూడా ఉంది. నా దొరని నేను తీసుకుపోతాను. ఇదుగో, దారిలో కొన్నా. ముందు వాడికో పువ్వు పెట్టనీ."

చెల్లెలు దొర చుట్టూ కట్టిన కంచెకి అడ్డంగా నిలబడింది. "వద్దక్కా. మీ ఇంట్లో కూడా పెట్టకు."

"మందారానికేం రోగమే? చంపినదానివి నువ్వు, నాకు చెప్తున్నావా!"

ఈ ఒక్క కుండీ అయితే చేయి జారినట్టు పగలగొట్టేసేది. కానీ వచ్చే వారం అక్క ఇంకోటి కొంటుంది. అక్కడ దొరకి అడ్డుపడేవాళ్లు ఉండరు. అందుకే చెప్పేసింది, వేళ్లకి పోసే మందు సంగతి మొదలు అంతా.

అక్క చేతిలోని కుండీ కింద పెట్టింది. "అయితే అప్పుడు నేను తెచ్చింది..."

"అదేనక్కా."

అక్క మట్టిలోనే కూలబడింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఏడు నెలలైంది."

"ఏడు నెలలు! తెలిసీ నా చేత తిట్లు తిన్నావా?"

"నువ్వు తిడితే పడగలను. నీ చేత్తోనే పెట్టావని తెలిసి నువ్వు ఏడుస్తుంటే చూడలేననుకున్నా."

అక్క ఏడ్చింది. చెల్లెలు పక్కనే కూర్చుని ఆమె వీపు నిమిరింది, తనూ ఏడ్చింది. గరికలో దొర ఎవరి గొడవా పట్టనట్టు మేస్తూనే ఉన్నాడు.

కాసేపటికి చెల్లెలు లేచి, తాను పెంచిన మందారం నుంచి నాలుగు కొమ్మలు, మల్బరీ నుంచి రెండు కత్తిరించింది. మొదళ్లకి తడిగుడ్డ చుట్టి బుట్టలో పెట్టింది.

"ముందు ఇవి నాటు. దొర మేసినా తట్టుకునేంత ఎదిగాక వాణ్ణి తీసుకెళ్లు. ఏడాది పడుతుంది. అంతవరకూ ఇవ్వను, నువ్వెంత అరిచినా సరే."

అక్క ముక్కు తుడుచుకుని బుట్టకి మూత వేసింది. కొన్న కుండీని గేటు అవతల పెట్టి వెనక్కి చూసింది.

"ఏడాది తర్వాత నువ్వే వచ్చి మా పెరడు చూడు. నువ్వు సరేనంటేనే తీసుకెళ్తా" అంది.